అమ్మ చేతి రుచిలో అల్మరా వాటా

పోయిన నెల మా పిన్ని కూతురు పుణె నుంచి ఫోన్ చేసింది. కొత్త ఉద్యోగం, కొత్తగా తీసుకున్న అద్దె ఇల్లు. హాస్టల్ తిండితో విసిగిపోయి ఇక సొంతంగా వండుకుందామని నిర్ణయించుకుందట. "అక్కా, మన వంటలకి ఏమేం సరుకులు కావాలో ఒక లిస్టు రాసి పంపవా? అన్నీ ఒకేసారి కొనేసుకుంటాను" అంది. సరేనని ఆ రాత్రే కాగితం తీసుకుని కూర్చున్నాను. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, ఆవాలు, మెంతులు... ముప్ఫై దాకా రాశాక పెన్ను పక్కన పెట్టేశాను. ఈ చీటీ నాకు కొత్త కాదు. 2014లో నా కొత్త కాపురానికి అమ్మా, పెద్దమ్మా కలిసి కూర్చుని రాసిచ్చింది సరిగ్గా ఇలాంటిదే. అందులో 62 సరుకులున్నాయి. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ కొన్నాను. ఏడాది తిరిగేసరికి సగం పురుగు పట్టో, ముక్కిపోయో చెత్తలోకి వెళ్ళాయి. నాన్న బస్సులో వేసి పంపిన పది కిలోల కందిపప్పులో ఆరు కిలోలు పారబోసిన రోజు నేను ఏడ్చాను. తిండిగింజ పారేయడం మా ఇంట్లో ఎప్పుడూ చూసి ఎరగను.

ఆ ఏడాదంతా ఇంకో దిగులు కూడా ఉండేది. ఏం వండినా అమ్మ వంటలా వచ్చేది కాదు. ఫోన్లో కొలతలు అడిగి నోట్సు రాసుకునేదాన్ని. ఎన్ని విజిల్సో, ఎంత మంటో కూడా రాసుకునేదాన్ని. అయినా చారు చారులా ఉండేది కాదు, పులిహోర పులిహోరలా ఉండేది కాదు. "అమ్మ చేతి రుచి మనకెక్కడ వస్తుందిలే" అని అందరూ అంటుంటే నేనూ నమ్మేశాను. ఇప్పుడు నమ్మను. వండే చేతికి అనుభవం కావాలి, కాదనను. కానీ అమ్మ చేతి రుచి అని మనం అనుకునేదాంట్లో సగానికి సగం ఆవిడ అల్మరాలో ఉంది. ఏ సరుకు కొంది, ఏ నెలలో కొంది, ఎలా దాచింది, ఎప్పుడు పొడి కొట్టింది అన్నది మనం ఎవరమూ అడిగి రాసుకోలేదు. కూర ఎలా చేయాలన్నది మాత్రమే అడిగాం.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది పనసపొట్టు కూర దగ్గర. మాది అమలాపురం వైపు. మా వైపు పనసపొట్టు కూర అంటే ఆవ పెట్టాల్సిందే. ఊరి నుంచి వచ్చిన బంధువులు కొట్టిన పనసపొట్టు తెచ్చిస్తే సంబరంగా మొదలుపెట్టాను. పొట్టు ఉడికించాను, చింతపండు పులుసు పోశాను, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, జీడిపప్పుతో పోపు పెట్టాను. ఆఖర్న, ఆవకాయ సీజన్లో కొని మిగిలిపోయిన ఆవపిండి ప్యాకెట్ తీసి రెండు చెంచాలు చల్లి, పొయ్యి మీదే కలియబెట్టాను. నోట్లో పెట్టుకుంటే చేదు తప్ప ఘాటు జాడే లేదు. అమ్మకి ఫోన్ చేస్తే కొలతల సంగతి అడగనే లేదు. "ఆవాలు ఎప్పటివే? దింపాక కలిపావా, పొయ్యి మీదుండగానే కలిపావా?" అంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ చేశాను. ఈసారి కొత్తగా తెచ్చిన సన్న ఆవాలు రెండు చెంచాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు తీసుకుని చిన్న రోట్లో వేశాను. పొడిగా నూరుతున్నంతసేపూ పెద్దగా వాసన లేదు. రెండు చెంచాల చన్నీళ్ళు చిలకరించి మళ్ళీ నూరడం మొదలుపెట్టాను. నిమిషం తిరగకుండానే ఘాటు ముక్కుపుటాల్లోకి కొట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదు. గింజ నలిగి, నీళ్ళు తగిలాక, గింజలోనే ఉన్న ఒక ఎంజైమ్ పని మొదలుపెడితే అప్పటికప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. నెలల తరబడి తెరిచి ఉంచిన పిండిలో సత్తువ తగ్గిపోతుంది. అందుకే ఆవ ఎప్పటికప్పుడు నూరాలి, కూర గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. ఆ రోజు కూర వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, ఆవముద్ద పచ్చి నువ్వులనూనెలో కలిపి పట్టించాను. మధ్యాహ్నం కన్నా రాత్రికి ఇంకా బాగుంది. అదే చేయి, అవే కొలతలు. మారిందల్లా ఆవాలు, వాటిని కలిపిన వేళ.

అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. గింజగా దొరికేది గింజగానే కొంటాను, పొడి ఇంట్లోనే కొడతాను. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, మెంతులు, ఆవాలు, నువ్వులు అన్నీ అంతే. వాటి వాసనంతా లోపలి నూనెల్లో ఉంటుంది. గింజ పగలనంతవరకు ఆ నూనె భద్రం. పొడి కొట్టిన మరుక్షణం నుంచి గాలికి పోతూనే ఉంటుంది. అర కప్పు ధనియాలు దోరగా వేయించి మిక్సీలో తిప్పడానికి పది నిమిషాలు కూడా పట్టదు. రోలే కావాలని నేను అనను. మిక్సీని ఆపి ఆపి తిప్పితే చాలు. ఆగకుండా తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి, మూత తీసేసరికి వాసన వంటింటి పాలవుతుంది.

ఇంగువ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే పప్పుచారు, పులిహోర అంతా దాని మీదే నడిచే ఇంట్లో పుట్టాను. అది మన నేలలో పండే సరుకు కాదు. అఫ్గానిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా దేశాల్లో ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకడితే ఇంగువ. మన దేశంలో సాగు చేయాలని 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదటిసారి మొక్కలు నాటారు. దుకాణంలో దొరికే చిన్న డబ్బా తిప్పి చదవండి. గోధుమపిండో, బియ్యప్పిండో, గమ్ అరబిక్ అనే జిగురో అందులో ఎక్కువ భాగం ఉంటుంది, అసలు ఇంగువ కొద్దిగానే. అది మోసమేమీ కాదు, అసలు సరుకు అంత ఘాటు కాబట్టి అలా కలిపే అమ్ముతారు. కానీ ఏ డబ్బాలో ఎంత ఉందో చూసి కొనాలి. అమ్మ ముద్ద ఇంగువే వాడేది. గోరంత ముక్క నీళ్ళలో నానబెట్టి, పులిహోర పోపులో ఆ నీళ్ళు జల్లేది. మూత బిగించిన గాజు సీసాలో ఏడాది పెట్టినా దాని వాసన తగ్గేది కాదు. పొడి ఇంగువ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే రెండు నెలలకే వట్టి పిండి మిగులుతుంది.

ఎండుమిర్చి దగ్గర నా పట్టుదల ఇంకా ఎక్కువ. ఒకసారి ఒక దుకాణంలో విడిగా అమ్మే కారం కొన్నాను. చూడటానికి కుంకుమలా ఉంది. అనుమానం వచ్చి గ్లాసు నీళ్ళ మీద చిటికెడు చల్లితే ఎర్రటి చారలు కిందికి దిగాయి, అంటే రంగు కలిపారన్నమాట. ఆ రోజుతో కారం కొనడం మానేశాను. వేసవి మొదట్లో కొత్త కాయ వస్తుంది. గుంటూరు యార్డు నుంచి వచ్చేవాటిలో తేజ రకం మంట, సన్నం రకం మధ్యస్థం. వరంగల్ వైపు పండే చపాటా కాయ పొట్టిగా, లావుగా, టమాటా పండులా ఎర్రగా ఉంటుంది, కారం చాలా తక్కువ. 2025లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. నేను సన్నం రెండు పాళ్ళు, చపాటా ఒక పాలు తీసుకుని, రెండు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి మరలో పట్టిస్తాను. కూరకి రంగూ వస్తుంది, పిల్లలకి నోరు మండదు. మా నలుగురికి ఏడాదికి మూడు కిలోలు చాలు. రెండు నెలలకి సరిపడా సీసాలో, మిగిలింది ఫ్రిజ్‌లో.

ఇంతవరకు చెప్పింది మా పుట్టింటి అల్మరా. మా అత్తమ్మ వాళ్ళది జనగామ వైపు. పెళ్ళయ్యాక ఆవిడ వంటింట్లో అడుగుపెట్టినప్పుడు నాకు అర్థమైన మొదటి విషయం, 'తెలుగు వంటకి సరుకులు' అని ఒకే చీటీ రాయడం కుదరదని. మా ఇంట్లో డబ్బాల వరసలో ముందు ఆవాలు, మెంతులు, ఇంగువ, బెల్లం ఉంటాయి. ఆవిడ వరసలో ముందున్నవి నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయలు, జొన్నపిండి. మేము కొబ్బరి తురిమే చోట ఆవిడ నువ్వులు దంచేది. పచ్చిపులుసు మా అమ్మ కూడా చేసేది, కానీ అత్తమ్మ పచ్చిపులుసు తిన్నాకే అది ఎంత గొప్ప వంటో తెలిసింది. పొయ్యి మీద పెట్టని పులుసు కాబట్టి అందులో ఏ సరుకు లోపమూ దాగదు. చింతపండు పాతదైతే రంగు చెప్పేస్తుంది, నువ్వులు ముక్కిపోయి ఉంటే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. ఒకసారి నేను రెండు కిలోల నువ్వులు తెస్తే ఆవిడ సంచీ చూసి, "గిన్ని ఎందుకు తెచ్చినవ్ బిడ్డా? నువ్వులు తాజాగుంటెనే మంచిగుంటయి. దోరగ ఏంచాలె, మాడితె చేదొస్తది" అంది. నువ్వుల్లో, పల్లీల్లో నూనె ఎక్కువ కాబట్టి వేసవిలో బయట పెడితే త్వరగా ముక్క వాసన వస్తాయి. ఇప్పుడు నేను పావుకిలో చొప్పునే తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాను. పల్లీల్లో నల్లబడినవి, బూజు పట్టినవి కనిపిస్తే మొహమాటం లేకుండా ఏరి పారేయాలి. ఆ బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు.

అనంతపురం నుంచి వచ్చిన స్నేహితురాలి ఇంట్లో ఇంకో లోకం. రాగిపిండి, ఉగ్గానికి బొరుగులు, చెనక్కాయలు, రోజూ వాడే పప్పుల పొడి. ఆమె అల్మరాలో ఇంగువ డబ్బా వెతికితే గానీ కనపడదు. ఆమె వంట సంప్రదాయం కాదని ఎవరనగలరు? అసలు మిరపకాయే పోర్చుగీసువాళ్ళతో పాటు సముద్రం దాటి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలు. పల్లీ కూడా బయటి నుంచి వచ్చిందే. కాబట్టి సంప్రదాయ వంటిల్లు అంటే ఫలానా యాభై సరుకులున్న వంటిల్లు అని నేను ఒప్పుకోను. ఏ ఊరి వంట వండుతున్నామో, ఆ వంటకి ప్రాణమైన నాలుగైదు సరుకుల్లో రాజీపడని వంటిల్లు అంటే ఒప్పుకుంటాను.

ఇక నెల వెచ్చాల సంగతి. మన అమ్మమ్మలు నెలకోసారి సరుకులు కొనేవాళ్ళు కాదు. ఏ సరుకు పంట చేతికొచ్చే రోజుల్లో దాన్ని కొనేవాళ్ళు. సంక్రాంతికి కొత్త బియ్యం, కందులు, ఆ వెనకే పసుపు, చింతపండు, ఎండ ముదిరేసరికి మిరపకాయలు, ఆవకాయకి ఆవాలు. ఇప్పుడు అన్నీ పన్నెండు నెలలూ దొరుకుతాయి కాబట్టి ఏది ఎప్పటిదో మనకి తెలియడం లేదు. ఆగస్టులో కొన్న చింతపండు ఈ ఏడాదిదో, నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిందో చెప్పేవాళ్ళుండరు.

చింతపండు మాత్రం నేను ఏడాదికి ఒకేసారి తీసుకుంటాను. మార్చి, ఏప్రిల్‌లో కొత్త చింతపండు ఎర్రటి గోధుమరంగులో, మెత్తగా ఉంటుంది. పాతబడేకొద్దీ నల్లబడుతుంది. పులుపు ఉంటుంది గానీ చారు రంగు మసిబారుతుంది. అత్తమ్మ దాన్ని మేడ మీద పాత చీర పరిచి ఒక రోజు ఎండబెట్టేది. సాయంత్రం చల్లబడ్డాక అందరం చుట్టూ కూర్చుని గింజలు, ఈనెలు తీసేవాళ్ళం. వేళ్ళు జిగురై, గోళ్ళ సందుల్లో పులుపు మండేది. తర్వాత దొడ్డుప్పు కలిపి, గుప్పెడు గుప్పెడు ఉండలు చేసి, జాడీలో గాలి దూరకుండా నొక్కి నొక్కి పెట్టేది. అల్యూమినియం పాత్ర దగ్గరికి కూడా రానిచ్చేది కాదు, పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది. ఒక్కో ఉండ మా ఇంటికి వారం రోజులు వచ్చేది. ఆ చింతపండుతో పెట్టిన చారుకి పొడి లేకపోయినా, రెండు మిరియాలు, కాస్త జీలకర్ర దంచి వేస్తే చాలు.

బియ్యం సంగతి కూడా అంతే. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 రకమే చాలా ఇళ్ళలో సాంబా మసూరిగా వండుతున్నారు. అదే రకం కొత్తదైతే ముద్దవుతుంది, పాతదైతే పొడిపొడిగా వస్తుంది. పులిహోర ముద్దయిందని నా నీళ్ళ కొలతని తిట్టుకున్న రోజులున్నాయి. తప్పు కొలతది కాదు, బియ్యం అప్పటికి రెండు నెలల క్రితం మర ఆడినవి. పరమాన్నానికి, సకినాలకి కొత్త బియ్యం బాగుంటాయి. పులిహోరకి, రోజువారీ అన్నానికి కనీసం ఆరు నెలలు దాటినవి కావాలి. దుకాణంలో రకం పేరు అడుగుతాం, వయసు అడగం.

అలాగని అన్నీ ఏడాదికి సరిపడా కొనమని చెప్పడం లేదు. ఆ తప్పు నేను చేసి చూశాను. పాత ఇళ్ళలో గాలాడే కొట్టుగది ఉండేది, ఎండ పడే పెరడు ఉండేది, రోజూ పది మంది తినేవాళ్ళు. మా ఫ్లాట్‌లో వంటింటి పక్కనే వాషింగ్ మెషీన్, తేమంతా అక్కడే. ఇలాంటి ఇంట్లో పది కిలోల పప్పు పెట్టడమంటే పురుగులకి పెట్టడమే. నాకు ఏడాదికోసారి కొనదగ్గవి మూడే కనిపించాయి: చింతపండు, ఎండుమిర్చి, పసుపు కొమ్ములు. పప్పులు నెలకి సరిపడా. తాండూరు కందిపప్పు దొరికితే అదే తీసుకుంటాను, త్వరగా ఉడుకుతుంది, రుచి తేడా తెలుస్తుంది. తెచ్చిన పప్పు రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే కంటికి కనపడని పురుగు గుడ్లు చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పకూడదు, లేకపోతే చెమ్మ పడుతుంది. ఎండబెట్టినా అంతే, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల నీరు పట్టి ఆ పప్పు బూజు పడుతుంది.

ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి ఇదంతా ఎక్కడ కుదురుతుందని అడుగుతారు. నేనూ ఉద్యోగమే చేస్తున్నాను. 62 డబ్బాలు కడుగుతూ, దులుపుతూ, ఎక్స్‌పైరీ చూసుకుంటూ పడ్డ టెన్షన్‌తో పోలిస్తే ఇది తేలిక. పారబోయడం మొదలయ్యాక నేను చేసిన పని ఒకటుంది. ఏ డబ్బా మూత తీసినా వంటింటి క్యాలెండర్ మీద ఆ పేరు రాసి గీత పెట్టాను. మూడు నెలలు అలా చేశాక చూస్తే, వారం వారం చేయి తగిలేవి 19 సరుకులే. గసగసాలు మూడు నెలల్లో ఒక్కసారి. వాము రెండుసార్లు. సగ్గుబియ్యం అసలు తీయనే లేదు. మా ఇంటి చీటీ అదే చెప్పింది. మిగతావి అవసరమైన వారంలో యాభై గ్రాములు తెచ్చుకుంటే సరిపోతుంది. దానికి ఖర్చు ఎక్కువ కాదు, నిజానికి తగ్గింది. తగ్గిన డబ్బుతో గానుగ నువ్వులనూనె కొనగలుగుతున్నాను.

మా చెల్లికి లిస్టు పంపలేదు. ఫోన్ చేసి, పోయిన వారం ఏమేం తినాలనిపించిందో చెప్పమన్నాను. కొంచెం ఆలోచించి, ముద్దపప్పు, టమాటా చారు, దోసకాయ పచ్చడి, ఒకరోజు పెరుగన్నంలోకి కందిపొడి అంది. పనసపొట్టు కూర కూడా చేసుకోవాలని ఉందట, కానీ అక్కడ పొట్టు కొట్టి అమ్మేవాళ్ళు కనపడలేదట. అయితే బియ్యం, నూనె, ఉప్పు, కూరగాయలు అక్కడే కొనుక్కోమన్నాను. నేను పార్సెల్ కట్టింది ఇవి: ఒక కిలో కందిపప్పు, అత్తమ్మ పెట్టిన చింతపండు ఉండలు నాలుగు, పావుకిలో కారం, ముద్ద ఇంగువ చిన్న ముక్క, వంద గ్రాముల చొప్పున జీలకర్ర, మిరియాలు, మెంతులు, సన్న ఆవాలు. ప్రతి సీసా మీదా నేను కొన్న నెల రాసి అంటించాను. ఆవాల సీసా మీద మాత్రం ఇంకో మాట రాశాను: కూర దింపాక, చల్లారాక.